బిగిసిన పిస్టన్

కృష్ణా డెల్టాలో కాలవ గట్టు మీద ఒక ఊరు. ఆ ఊళ్లో వీరమ్మ ఉంటుంది. వీరమ్మకు రెండు గేదెలు ఉన్నాయి. రెండూ పాలిస్తున్నాయి. పాల కేంద్రం ఊరికి 3 కిలోమీటర్ల దూరం. తెల్లవారుజామున 5 గంటలకల్లా పాలు కేంద్రానికి చేరాలి. ఆలస్యమైతే తీసుకోరు.

వీరమ్మ కొడుకు శీను. రోజూ బండి మీద పాల క్యాను పెట్టుకుని కేంద్రానికి పోతాడు. వీరమ్మ వెనక కూర్చుంటుంది. అది 2016లో తయారైన మోటారు సైకిలు. డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని సెకండ్ హ్యాండులో కొన్నారు. ముందు చక్రానికి డిస్కు బ్రేకు. వెనక చక్రానికి డ్రమ్ము బ్రేకు.

వారం రోజులుగా బండి తీరు మారింది. చేత్తో తోస్తే బరువుగా కదులుతోంది. పెట్రోలు ఎక్కువ తాగుతోంది. కేంద్రం దగ్గర బండి దిగితే ముందు చక్రం నుంచి మాడు వాసన వస్తోంది.

"ఏమిట్రా ఈ వాసన?" అని అడిగింది వీరమ్మ.

"బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయమ్మా. కొత్తవి తెచ్చి నేనే వేస్తాను. రెండు బోల్టులు విప్పితే అయిపోతుంది" అన్నాడు శీను.

టౌనుకు పోయి కొత్త ప్యాడ్లు కొన్నాడు. 280 రూపాయలు అయింది.

సుత్తి ఎత్తిన శీను

సాయంత్రం వాకిట్లో బండి నిలబెట్టాడు. బోల్టులు విప్పాడు. పాత ప్యాడ్లు ఊడదీశాడు. పాతవి పలచగా ఉన్నాయి. కొత్తవి మందంగా ఉన్నాయి. ఎంత తోసినా కొత్తవి లోపల పట్టలేదు.

ఎందుకు పట్టలేదు? లోపల రెండు గుండ్రటి ఇనప గుబ్బలు ఉన్నాయి. వాటిని పిస్టన్లు అంటారు. అవి బయటికి వచ్చి అడ్డంగా ఉన్నాయి. వాటిని వెనక్కి నెడితేనే కొత్త ప్యాడ్లకు చోటు దొరుకుతుంది.

శీను బొటనవేళ్లతో నొక్కాడు. ఒక పిస్టన్ లోపలికి పోయింది. రెండోది ఇసుమంత కూడా కదల్లేదు. స్క్రూడ్రైవరు పెట్టి నెట్టాడు. కదల్లేదు. టౌనులో షాపుకు ఫోను చేశాడు. "మొత్తం క్యాలిపరే మార్చాలి. 2,200 అవుతుంది" అన్నారు వాళ్లు. శీనుకు కోపం వచ్చింది. సుత్తి తీశాడు.

"ఆగరా! కొడితే పగులుతుంది. పగిలాక ఏం చేస్తావు?" అంటూ వీరమ్మ చెయ్యి పట్టుకుంది.

పక్కింటి సుబ్బయ్య వచ్చాడు. చూశాడు. "దీనికింత గొడవ ఎందుకు అక్కా? ముందు బ్రేకు ఊడదీసి పక్కన పెట్టండి. వెనక బ్రేకు ఉందిగా. రేపు పాలు పోసి వచ్చాక తీరిగ్గా చూసుకోవచ్చు" అన్నాడు.

వీరమ్మ ఆలోచించింది. నాలుగు రోజుల కిందట గట్టు మలుపులో దూడ అడ్డం వచ్చింది. దూడ వెనక ఒక చిన్న పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. శీను బ్రేకులు వేశాడు. పిల్లకు జానెడు దూరంలో బండి ఆగింది. అప్పుడు రెండు బ్రేకులూ పనిచేస్తున్నాయి. ఒక్క బ్రేకే ఉంటే ఆగేదా?

"వద్దు తమ్ముడూ. రేపు పాలు సైకిలు మీద పోతాయి. ఒక గంట ముందు లేస్తాం. బ్రేకు బాగయ్యేదాకా బండి ఎక్కేది లేదు" అన్నది వీరమ్మ.

వీరమ్మ అన్నది సరైన మాట. బస్సు డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే మనం ముందుకు తూలిపోతాం. మోటారు సైకిలుకూ అంతే. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీద పడుతుంది. వెనక చక్రం తేలిక అవుతుంది. అందుకే బండిని ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. వెనక బ్రేకు ఒక్కటే నొక్కితే బండి ఎక్కువ దూరం పోయి ఆగుతుంది. ఇసుకలో, బురదలో జారిపోతుంది కూడా.

హసీనా షెడ్డు

ఊరి మొదట్లో రావిచెట్టు కింద హసీనా షెడ్డు ఉంది. హసీనా తన తండ్రి దగ్గర బండ్ల పని నేర్చుకుంది. ఇప్పుడు తండ్రి పెద్దవాడయ్యాడు. పని అంతా హసీనానే చూస్తుంది.

మర్నాడు పాలు పోసి వచ్చాక తల్లీకొడుకులు బండిని తోసుకుంటూ షెడ్డుకు పోయారు. విప్పిన క్యాలిపర్‌ను తాడుతో హ్యాండిలుకు కట్టారు.

"తాడుతో కట్టి మంచి పని చేశారు పిన్నీ. ఆయిల్ గొట్టానికి వేలాడదీస్తే గొట్టం లోపల దెబ్బతింటుంది" అన్నది హసీనా. పిస్టన్ చూసింది. "శీనూ, దీన్ని కొట్టావా?"

"కొట్టబోయాను అక్కా. అమ్మ ఆపింది. స్క్రూడ్రైవరుతో మాత్రం నెట్టాను."

హసీనా లైటు వేసి చూసింది. గీత పిస్టన్ అంచు మీద పడింది. పక్క గోడ మీద పడలేదు. "బతికిపోయావు. పక్కన గీత పడితే పిస్టన్ మార్చాల్సిందే. గీతలోంచి ఆయిల్ కారుతుంది" అన్నది.

"అసలు ఇది ఎందుకు బిగిసింది అమ్మాయ్?" అని అడిగింది వీరమ్మ.

లోపల ఏం జరుగుతుంది?

హసీనా చెప్పింది. మనమూ విందాం.

డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లెం. క్యాలిపర్ అంటే పట్టకారు లాంటిది. పొయ్యి మీది గిన్నెను పట్టకారు రెండు పక్కలా పట్టుకుంటుంది కదా! అలాగే క్యాలిపర్ డిస్కును రెండు పక్కలా పట్టుకుంటుంది. పట్టుకునే చోట రెండు ప్యాడ్లు ఉంటాయి.

హ్యాండిలు మీద బ్రేకు లీవరు ఉంది. దాని పక్కన చిన్న డబ్బా ఉంది. అందులో బ్రేకు ఆయిల్ ఉంటుంది. డబ్బా నుంచి క్యాలిపర్ దాకా ఒక గొట్టం వస్తుంది. గొట్టం నిండా ఆయిలే.

పశువుల డాక్టరు దగ్గర సిరంజి చూశారు కదా! రెండు సిరంజిలను సన్న గొట్టంతో కలిపి, నిండా నీళ్లు పోశామనుకోండి. ఒక సిరంజి నొక్కితే రెండోది బయటికి వస్తుంది. నొక్కుడు నీళ్ల ద్వారా అవతలికి పోతుంది. ఈ సూత్రాన్ని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ చెప్పాడు. బ్రేకులోనూ ఇదే జరుగుతుంది. లీవరు నొక్కితే ఆయిల్ పిస్టన్లను నెడుతుంది. పిస్టన్లు ప్యాడ్లను నెడతాయి. ప్యాడ్లు డిస్కును పట్టుకుంటాయి. చక్రం ఆగుతుంది.

మరి లీవరు వదిలితే పిస్టన్ వెనక్కి ఎలా పోతుంది? పిస్టన్ చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుంది. హవాయి చెప్పు అంచును బొటనవేలితో పక్కకు నెట్టండి. అది వంగుతుంది. వేలు తీస్తే మళ్లీ తన చోటికి వస్తుంది. సీలు కూడా అలాగే వంగుతుంది. లీవరు వదలగానే తన రూపానికి వస్తుంది. వస్తూ వస్తూ పిస్టన్‌ను కూడా కొంచెం వెనక్కి లాగుతుంది. అది వెంట్రుకంత దూరమే. ఆ కాస్త దూరం చాలు. చక్రం తేలిగ్గా తిరుగుతుంది.

ప్యాడ్లు అరిగే కొద్దీ పిస్టన్ ఇంకా ఇంకా ముందుకు వస్తుంది. బయటికి వచ్చిన భాగానికి దుమ్ము అంటుకుంటుంది. దమ్ము చేసిన ట్రాక్టర్లు రోడ్డు మీద వదిలిన బురద చిమ్ముతుంది. సముద్రానికి దగ్గర ఊళ్లలో ఉప్పు గాలి తగులుతుంది. తుప్పు పడుతుంది. ఆ మురికి పిస్టన్ చుట్టూ గట్టి పొరలా పేరుకుంటుంది. అప్పుడు సీలు పిస్టన్‌ను వెనక్కి లాగలేదు. ప్యాడ్లు డిస్కును వదలవు. బ్రేకు వేయకపోయినా రాసుకుంటూనే ఉంటాయి. అందుకే బండి బరువు. అందుకే పెట్రోలు ఎక్కువ. అందుకే మాడు వాసన.

"మురికి పొరతో ఉన్న పిస్టన్‌ను లోపలికి నెడితే ఏమవుతుంది? ఆ మురికి పోయి సీలులో ఇరుక్కుంటుంది. ఇంకా బిగుస్తుంది. సీలు చిరుగుతుంది" అన్నది హసీనా.

వీరమ్మ తన చేతి గాజులు చూసుకుంది. "బిగిసిన గాజును లాగితే చెయ్యి కోసుకుంటుంది. సబ్బు రాసి మెల్లగా తిప్పితే వస్తుంది. ఇదీ అంతేనన్నమాట" అన్నది.

"అంతే పిన్నీ. ముందు కడగాలి. తరవాతే నెట్టాలి."

హసీనా ఎలా చేసింది?

బండిని చదును నేల మీద సెంటర్ స్టాండు వేసి నిలబెట్టింది. వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టింది. నడిపి వచ్చిన వెంటనే పని మొదలు పెట్టకూడదు. డిస్కు కాలిపోతూ ఉంటుంది. చల్లారనివ్వాలి.

ప్యాడ్ల దుమ్మును నోటితో ఊదలేదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడిచింది.

పాత పళ్ల బ్రష్షు తీసుకుంది. సబ్బు నీళ్లతో పిస్టన్ చుట్టూ కడిగింది. వెనకవైపు కూడా వదల్లేదు. నల్లటి మురికి కారింది. పొడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చింది. గరుకు కాగితం వాడలేదు. దాంతో రుద్దితే పిస్టన్ మీది నున్నటి పూత పోతుంది. పూత పోయిన చోట తుప్పు తొందరగా పడుతుంది.

తరవాత చిన్న పరీక్ష చేసింది. క్యాలిపర్ మీద నిపుల్ అనే చిన్న మర ఉంటుంది. దానికి ప్లాస్టిక్ గొట్టం తగిలించి, గొట్టం రెండో కొసను సీసాలో పెట్టింది. మర కొంచెం వదులు చేసి పిస్టన్ నొక్కింది. అప్పటికీ కదల్లేదు. వెంటనే మర బిగించింది.

"మర వదులు చేసినప్పుడు పిస్టన్ తేలిగ్గా పోతే తప్పు పిస్టన్‌ది కాదు. పైన గొట్టంలోనో, లీవరు దగ్గరి డబ్బా కిందనో ఆయిల్ దారి మూసుకుపోయిందని అర్థం. ఇది అప్పటికీ కదల్లేదు. కాబట్టి బిగిసింది పిస్టనే" అని చెప్పింది.

ఇప్పుడు బాగున్న పిస్టన్ కదలకుండా చెక్క ముక్క అడ్డం పెట్టింది. ఎందుకంటే లీవరు నొక్కితే తేలిగ్గా కదిలేదే బయటికి వస్తుంది. బిగిసినది అలాగే ఉంటుంది. వేళ్లు ఎవ్వరూ దగ్గర పెట్టవద్దని చెప్పింది.

"శీనూ, లీవరు మెల్లగా నొక్కు."

ఒకసారి నొక్కాడు. ఏమీ లేదు. రెండోసారి ఏమీ లేదు. మూడోసారి పిస్టన్ బియ్యపు గింజంత ముందుకు వచ్చింది.

"చాలు! ఆపు!"

హసీనా కొత్తగా బయటపడిన చోటు కూడా బ్రష్షుతో కడిగి తుడిచింది. ఇక దాని మీద కాస్త బ్రేకు ఆయిల్ రాయాలి.

అంకె చదివిన వీరమ్మ

"శీనూ, బల్ల మీది ఆయిల్ డబ్బా ఇలా ఇయ్యి" అన్నది హసీనా.

శీను చేతికందిన డబ్బా తీశాడు. హసీనా చూసి తల అడ్డంగా ఊపింది. అది ఇంజను ఆయిల్.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. బ్రేకు ఆయిల్ అని పేరే గానీ అది మామూలు నూనె కాదు. ఇంజను ఆయిల్, కిరోసిన్, పెట్రోలు, మామూలు గ్రీజు, వంట నూనె – ఇవేవీ బ్రేకు సీలుకు తగలకూడదు. తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బితే పిస్టన్ మళ్లీ బిగుస్తుంది. ఈసారి కడిగినా పోదు.

"లీవరు దగ్గరి డబ్బా మూత మీద ఏం రాసి ఉందో చూడు పిన్నీ" అన్నది హసీనా.

వీరమ్మ వంగి చూసింది. మూత మీద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. అవి వీరమ్మకు రావు. వాటి పక్కన ఒక అంకె ఉంది. అంకెలు వీరమ్మ నేర్చుకుంది.

"నాలుగు" అన్నది.

"అవును. అది డాట్ 4. బల్ల మీద ఉన్న సీసాల్లో 4 అంకె ఉన్నది నువ్వే తియ్యి."

బల్ల మీద రెండు సీసాలు ఉన్నాయి. ఒకదాని మీద 3, ఒకదాని మీద 4. వీరమ్మ 4 అంకె ఉన్న సీసా తీసి ఇచ్చింది.

ఈ అంకె ఎందుకు ముఖ్యం? బ్రేకు వేసినప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి ఆయిల్ మరగకూడదు. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. కొత్త డాట్ 4 అయితే కనీసం 230 డిగ్రీలు. కానీ ఈ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. తేమ చేరిన కొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. బాగా తేమ పట్టిన డాట్ 4 ఆయిల్‌కు ఆ హద్దు 155 డిగ్రీలే. మరిగితే బుడగలు వస్తాయి. లీవరు నొక్కినా బుడగలే నొక్కుకుంటాయి. బ్రేకు పడదు. పైగా ఆ తేమ వల్ల లోపల తుప్పు కూడా పడుతుంది.

అందుకే మూత మీద ఉన్న అంకె ప్రకారమే ఆయిల్ పోయాలి. మూత తీసి ఎక్కువ సేపు ఉంచకూడదు. చాలాకాలం కిందట తెరిచిన సీసా వాడకూడదు. డాట్ 5 అని ఇంకొకటి ఉంది. అది వేరే జాతి ఆయిల్. దీనితో కలపకూడదు.

పిస్టన్ కదిలింది

హసీనా గుడ్డకు కొత్త బ్రేకు ఆయిల్ అంటించి పిస్టన్ చుట్టూ రాసింది. లీవరు డబ్బా చుట్టూ పాత గుడ్డ కప్పింది. పిస్టన్ వెనక్కి పోతే ఆయిల్ డబ్బాలోకి తిరిగి వస్తుంది. ఎక్కువైతే పొంగుతుంది. బండి రంగు మీద పడితే రంగు లేచిపోతుంది. పడిన వెంటనే నీళ్లతో కడగాలి.

పాత ప్యాడును పిస్టన్ మీద పెట్టింది. చెక్కతో తిన్నగా నొక్కింది. వంకరగా నొక్కితే పిస్టన్ పక్కకు తిరిగి ఇంకా బిగుస్తుంది. పిస్టన్ సగం దాకా పోయి ఆగింది.

హసీనా ఇంకా గట్టిగా నొక్కలేదు. "శీనూ, మళ్లీ లీవరు" అన్నది. పిస్టన్ కొంచెం బయటికి వచ్చింది. మళ్లీ తుడిచింది. మళ్లీ ఆయిల్ రాసింది. మళ్లీ నొక్కింది. ఇలా ఐదుసార్లు చేసింది. ఐదోసారి చెక్క అవసరం రాలేదు. రెండు బొటనవేళ్లతో నొక్కితే పిస్టన్ మెత్తగా లోపలికి పోయింది.

"ఇన్నిసార్లు చేసినా రాకపోతే?" అడిగాడు శీను.

"అప్పుడు పిస్టన్ బయటికి తీసి చూడాలి. తుప్పుతో గుంటలు పడితే పిస్టన్ మార్చాలి. సీళ్లు కొత్తవి వేయాలి. క్యాలిపర్ లోపలి గోడ పాడైతే అప్పుడు క్యాలిపరే మార్చాలి. టౌను వాళ్లు చెప్పింది ఎప్పుడూ తప్పని కాదు. కానీ ముందు కడిగి చూడాలి కదా" అన్నది హసీనా.

"గాలి యంత్రం పెట్టి ఊదితే పిస్టన్ బయటికి వస్తుందట కదా!"

"వస్తుంది. తూటాలా వస్తుంది. అడ్డంగా వేలు ఉంటే వేలు నలిగిపోతుంది. ఇంట్లో ఆ పని ఎప్పుడూ చేయకు."

హసీనా క్యాలిపర్ జరిగే రెండు పిన్నులు కూడా లాగి చూసింది. ఈ బండికి పిస్టన్లు రెండూ ఒకే పక్కన ఉన్నాయి. అవి ఒక ప్యాడును నెడితే, క్యాలిపర్ పిన్నుల మీద జరిగి రెండో ప్యాడును లాక్కొస్తుంది. పిన్నులు ఎండిపోయినా బ్రేకు పట్టేసుకుంటుంది. ఒక పిన్ను ఎండిపోయి ఉంది. తుడిచి, రబ్బరుకు హాని చేయని సిలికాన్ గ్రీజు రాసింది. ఆ గ్రీజు ప్యాడ్లకు గానీ డిస్కుకు గానీ అంటకుండా చూసుకుంది.

కొత్త ప్యాడ్లు ఇప్పుడు చక్కగా పట్టాయి. బోల్టులు కంపెనీ పుస్తకంలో చెప్పినంత బిగువుకు బిగించింది.

పాత ఆయిల్ టీ డికాషన్‌లా నల్లగా ఉంది. దాన్ని తీసేసి కొత్తది పోసింది. శీను లీవరు నొక్కి పట్టుకున్నాడు. హసీనా మర వదులు చేసి, ఆయిల్ సీసాలోకి వచ్చాక బిగించింది. మర బిగించాకే శీను లీవరు వదిలాడు. గాలి బుడగలు పోయి తేటగా వచ్చేదాకా ఇలాగే చేశారు. పైన డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉన్నారు. పాత ఆయిల్‌ను కాలవలో పారబోయలేదు. అది విషం. మూత ఉన్న సీసాలో పోసి, పిల్లలకు అందకుండా పెట్టింది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట

శీను వెంటనే బండి ఎక్కబోయాడు.

"దిగు! ముందు లీవరు నొక్కి చూడు" అన్నది హసీనా.

శీను నొక్కాడు. లీవరు హ్యాండిలుకు తగిలింది. బ్రేకు పడనే లేదు! వీరమ్మ గుండె ఝల్లుమంది.

"భయపడకు పిన్నీ. పిస్టన్లు బాగా వెనక్కి పోయి ఉన్నాయి కదా. ప్యాడ్లను తాకేదాకా లీవరు కొడుతూ ఉండాలి. ఇది తెలియక రోడ్డెక్కితే మొదటి మలుపులోనే ప్రమాదం" అన్నది.

శీను మళ్లీ మళ్లీ నొక్కాడు. ఏడోసారికి లీవరు గట్టిపడింది. ఆ తరవాత కూడా లీవరు మెత్తగా ఉంటే లోపల గాలి ఉన్నట్టే. మళ్లీ గాలి తీయాలి.

హసీనా డబ్బాలో ఆయిల్ రెండు గీతల మధ్య ఉందో లేదో చూసింది. మూత బిగించింది. ముందు చక్రం పైకెత్తి తిప్పింది. సన్నగా రాసుకుంటున్న చప్పుడు వచ్చింది గానీ చక్రం తేలిగ్గా తిరిగింది. శీను నడక వేగంతో షెడ్డు ముందు నాలుగుసార్లు నడిపి, ఆపి చూశాడు. తరవాత ఒక కిలోమీటరు పోయి వచ్చాడు. హసీనా డిస్కుకు దగ్గరగా చెయ్యి పెట్టి చూసింది. తాకలేదు. సెగ లేదు.

"కొత్త ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడాలి. మొదటి 200, 300 కిలోమీటర్లు నెమ్మదిగా నడుపు. గట్టిగా బ్రేకు వేసే అవసరం రానీకు" అని చెప్పింది.

బ్రేకు ఆయిల్‌కు 90 రూపాయలు, గ్రీజుకు 20, కూలి 150 తీసుకుంది.

"ఈ ఆయిల్ మళ్లీ ఎప్పుడు మార్చాలి?" అడిగింది వీరమ్మ.

"రెండేళ్లకు ఒకసారి."

ఇంటికి పోగానే వీరమ్మ పాల లెక్కల పుస్తకం తీసింది. చివరి పేజీలో ఆనాటి తేదీ వేసింది. దాని కింద నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాసింది: "బ్రేకు ఆయిల్ మార్చాం. 4 నంబరు."

మర్నాడు తెల్లవారుజామున తల్లీకొడుకులు బండి మీద బయలుదేరారు. గట్టు మలుపు దగ్గర శీను బ్రేకు నొక్కాడు. బండి నిదానించింది. బ్రేకు వదిలాడు. బండి తేలిగ్గా ముందుకు పోయింది.

గుర్తుంచుకోండి

1. బండి బరువుగా కదిలినా, ముందు చక్రం దగ్గర మాడు వాసన వచ్చినా బ్రేకు చూపించండి. రెండు ప్యాడ్లలో ఒకటే ఎక్కువ అరిగినా చూపించండి.
2. పిస్టన్‌ను ముందు కడగాలి. తరవాత తిన్నగా నెట్టాలి. సుత్తి, స్క్రూడ్రైవరు, గరుకు కాగితం వాడకూడదు.
3. ఇంజను ఆయిల్, కిరోసిన్, పెట్రోలు సీలుకు తగలనీయకూడదు.
4. మూత మీద ఉన్న అంకె, సీసా మీద ఉన్న అంకె ఒకటే కావాలి.
5. లీవరు గట్టిపడేదాకా బండి కదపకూడదు.
6. ముందు బ్రేకు లేని బండి ఎక్కవద్దు. ఇంట్లో వాళ్లను ఎక్కనీయవద్దు.
7. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ అనే బ్రేకు ఏర్పాటు తప్పనిసరి అయింది. అలాంటి బండికి ఆయిల్ మార్చేటప్పుడు కంపెనీ పుస్తకంలో చెప్పిన పద్ధతి పాటించాలి.
8. మీరు స్వయంగా ఈ పని చేయకపోయినా, చేసేటప్పుడు దగ్గర ఉండి చూడండి. తెలియనిది అడగండి. పాత సామాను చూపించమనండి. బిల్లు చదివి డబ్బు ఇవ్వండి.

కొత్త మాటలు చదవండి

పిస్టన్ – క్యాలిపర్ – ప్యాడు – డిస్కు – సీలు – లీవరు – నిపుల్ – బ్రేకు ఆయిల్

జవాబులు చెప్పండి

1. బ్రేకు పట్టేసుకుందని వీరమ్మ ఏయే గుర్తుల వల్ల తెలుసుకుంది?
2. సుబ్బయ్య ఏం చెప్పాడు? వీరమ్మ ఎందుకు ఒప్పుకోలేదు?
3. బాగున్న పిస్టన్‌కు హసీనా చెక్క ముక్క ఎందుకు అడ్డం పెట్టింది?
4. పని అయ్యాక శీను మొదటిసారి లీవరు నొక్కితే ఏమైంది? ఎందుకు?

లెక్క చేయండి

1. హసీనాకు వీరమ్మ మొత్తం ఎంత ఇచ్చింది? 90 + 20 + 150 = ?
2. దానికి కొత్త ప్యాడ్ల ఖర్చు 280 కలిపితే మొత్తం ఎంత?
3. క్యాలిపర్ మార్చడానికి టౌనులో 2,200 అవుతుందన్నారు. హసీనాకు ఇచ్చిన డబ్బు అందులోంచి తీసేస్తే ఎంత మిగులుతుంది?

మీరు చేయండి

మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ డిస్కు బ్రేకు ఉన్న బండి ఉంటే లీవరు దగ్గరి డబ్బా మూత చూడండి. దాని మీద ఉన్న అంకెను మీ నోటు పుస్తకంలో రాయండి. బ్రేకు ఆయిల్ ఎప్పుడు మార్చారో బండి నడిపేవారిని అడిగి, ఆ తేదీ కూడా పక్కన రాయండి.